నవ్వి వదిలేయొద్దు... ఆ సినిమాల వెనకా మనుషులున్నారు!

హిట్టు సినిమా తీసినవాడి గురించి అందరూ రాస్తారు. అవార్డు తెచ్చుకున్నవాడికి శాలువాలు కప్పుతారు. మరి చేతిలో నాలుగు డబ్బులు లేకపోయినా, తెలిసినవాళ్లనే నటులుగా పెట్టి, వారం పది రోజుల్లో సినిమా చుట్టేసినవాడి సంగతి? పోస్టరు చిరిగేలోపే జనం మర్చిపోయే సినిమాలవి. విమర్శకులు వాటి పేరెత్తరు. పెద్దవాళ్లు పిల్లల్ని ఆ పోస్టర్ల వైపు చూడనివ్వరు. రక్తం, దెయ్యం, కాస్త అశ్లీలం... జనంలో ఉండే కుతూహలమే వాటికి పెట్టుబడి. ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలని పేరు.

అలాంటివి తీసినవాళ్ల ఇళ్లకు కెమెరాతో వెళ్లి, కూర్చోబెట్టి మాట్లాడించింది 1988లో ఓ బ్రిటిష్ టీవీ కార్యక్రమం. ఛానల్ 4లో వచ్చిన దాని పేరు ‘ది ఇన్‌క్రెడిబ్లీ స్ట్రేంజ్ ఫిల్మ్ షో’. వ్యాఖ్యాత జొనాథన్ రాస్. ఒక్కో భాగంలో ఒక్కో సినీ జీవి కథ. జాన్ వాటర్స్, టెడ్ మైకెల్స్, రస్ మేయర్ లాంటి అమెరికన్లే కాదు... మరుసటి ఏడాది వచ్చిన రెండో విడతలో హాంకాంగ్ జాకీచాన్ కూడా ఉన్నాడు.

పేరే బారెడు!

ఆ కార్యక్రమం పేరు వెనక ఓ సినిమా ఉంది. రే డెనిస్ స్టెక్లర్ 1964లో తీసిన ‘ది ఇన్‌క్రెడిబ్లీ స్ట్రేంజ్ క్రియేచర్స్ హూ స్టాప్డ్ లివింగ్ అండ్ బికేమ్ మిక్స్‌డ్-అప్ జాంబీస్’. చదివేసరికే ఆయాసం వస్తుంది కదూ! దర్శకుడు ఆయనే, వేరే పేరుతో హీరో ఆయనే. భార్య కూడా నటించింది. అయితే ఆ సినిమాకి కెమెరా పట్టినవాళ్లలో ఒకరు విల్మోస్ జిగ్మండ్. హంగరీ నుంచి పారిపోయి వచ్చి, దొరికిన పనల్లా చేస్తున్న రోజులవి. ఆ చేతులే తర్వాత స్పీల్‌బర్గ్ ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ (1977)కి ఆస్కార్ అందుకున్నాయి. చెత్త అని తీసిపారేసే చోట పని నేర్చుకున్నవాళ్లు అలా ఎందరో.

హెర్షెల్ గోర్డన్ లూయిస్‌ది మరో దారి. ఇంగ్లిషు పాఠాలు చెప్పిన మనిషి. 1963లో పాతిక వేల డాలర్ల లోపు ఖర్చుతో ‘బ్లడ్ ఫీస్ట్’ తీసి తెరంతా ఎర్రరంగు పులిమేశాడు. పెద్ద స్టూడియోలు ముట్టుకోని సరుకేదో అదే అమ్మాలన్నది ఆయన లెక్క. 1970ల్లో సినిమాలు వదిలేసి ప్రకటనల రంగంలోకి వెళ్లాడు. ఉత్తరాల ద్వారా సరుకులు ఎలా అమ్మాలో నేర్పే పుస్తకాలు రాసి అక్కడా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అంటే, పిచ్చివాళ్లు కారు... మార్కెట్టు చదివినవాళ్లు!

మెక్సికో మల్లయోధుడు ‘శాంతో’ కథ ఇంకోలా ఉంటుంది. వెండిరంగు ముసుగు తీయకుండానే యాభైకి పైగా సినిమాల్లో రాక్షసుల్ని, పిశాచాల్ని మట్టికరిపించాడు. 1984 జనవరిలో ఓ టీవీ కార్యక్రమంలో ముసుగు కాస్త పైకెత్తి ముఖం చూపించాడు. కొద్దిరోజులకే, ఫిబ్రవరి 5న కన్నుమూశాడు. ఆ ముసుగుతోనే సమాధి చేశారు.

ఆలస్యంగా వచ్చిన పేరు

వీళ్లందరిలో గుండె పిండేసేది ఎడ్ వుడ్ కథ. తన అభిమాన నటుడు బెలా లుగోసీతో కొన్ని నిమిషాల దృశ్యాలు తీశాడు. 1956లో లుగోసీ చనిపోయాడు. ఇంకొకరైతే ఆ రీలు మూలన పడేసేవారు. వుడ్ మాత్రం ఆ దృశ్యాల చుట్టూ ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ కథ అల్లాడు. లుగోసీ స్థానంలో తన భార్యకు వైద్యం చేసే వ్యక్తిని తెచ్చి, ముఖానికి అంగీ అడ్డం పెట్టించి కానిచ్చేశాడు. డబ్బు పెట్టింది చర్చి సభ్యులు!

మన విఠలాచార్య గురించీ ఇలాంటి మాటే చెప్పుకుంటారు. నటుడు కాల్షీటు దగ్గర పేచీ పెడితే కథలో శాపం పెట్టి చిలకగా మార్చేసేవారట. నిజమెంతో గానీ, తక్కువ ఖర్చులో గట్టెక్కే తెలివికి భాషాభేదం లేదనిపిస్తుంది. తేడా ఒక్కటే... విఠలాచార్యను జనం ‘జానపద బ్రహ్మ’ అన్నారు. వుడ్‌ను ఎవరూ ఏమీ అనలేదు. మద్యానికి బానిసై, అద్దె కట్టలేక ఇంట్లోంచి గెంటించుకుని, 1978 డిసెంబరులో స్నేహితుడి ఇంట్లో చనిపోయాడు. వయసు 54. రెండేళ్లకు ఓ పుస్తకం ఆయన్ను ప్రపంచంలోకెల్లా చెత్త దర్శకుడని వెక్కిరించింది. అప్పుడు పేరొచ్చింది! 1994లో టిమ్ బర్టన్ ఆయన జీవితాన్ని సినిమాగా తీస్తే దానికి రెండు ఆస్కార్లు. చూడ్డానికి ఆయన లేడు.

అందుకే ఇలాంటి డాక్యుమెంటరీలు బతికున్నప్పుడే రావాలి. 2023లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన ‘సినిమా మర్తే దమ్ తక్’ ఆ పని చేసింది. హిందీలో ఒకప్పుడు ఇలాంటి సినిమాలు తీసిన నలుగురు దర్శకుల్ని వెతికి పట్టుకుంది. గతం చెప్పించి ఊరుకోలేదు. తలా ఓ చిన్న సినిమా మళ్లీ తీసే అవకాశమిచ్చింది. నవ్వించడం తేలికే. ఇలా పని ఇవ్వడం గౌరవం.

అయితే గౌరవం పేరుతో అన్నీ కడిగేయకూడదు. ఆ సినిమాల్లో కెమెరా ముందు నిలబడ్డ ఆడవాళ్లకు ఎంత ముట్టింది, ఏం చెప్పి ఒప్పించారు, తర్వాత వాళ్ల బతుకేమైంది? దర్శకుడి చమత్కారాలకు దొరికినంత సమయం వాళ్ల జవాబులకూ దొరకాలి. లేకపోతే కథ సగమే.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రింటే మనకు మిగల్లేదు. అంతటి సినిమాకే దిక్కులేనప్పుడు అనామక సినిమాల మాటేమిటి? వాటికి మిగిలింది తీసినవాళ్ల, ఆడినవాళ్ల జ్ఞాపకాలే. అవి డబ్బాల్లో భద్రపరిచేవి కావు. అడిగితేనే దక్కుతాయి... అదీ, చెప్పేవాళ్లు ఉండగానే.