కుంటితే కూర

మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చిన చుట్టం ఒకాయన, పెరట్లో కుంటుతున్న మా ఎర్రపెట్టను చూసి, "దీన్ని ఇంకా ఎందుకండీ మేపడం? కోసేస్తే ఓ పూట కూరవుతుంది" అన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. నేనూ కోడికూర తిననివాణ్ణి కాను. అయినా ఆ మాట రాత్రి దాకా నా చెవిలోనే ఉండిపోయింది. గుడ్లు మానేస్తే కూర, తూగితే కూర, కుంటితే కూర. ఈ తీర్పు చెప్పినవాళ్ళని ఇన్నేళ్ళలో ఎంతోమందిని చూశాను. వంగి, ఆ కాలు ఎత్తి, అరికాలి వైపు చూసినవాళ్ళని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

కోడి కాలు చూడాలంటే పొద్దుగుంకాకే చూడాలి. పగలు తరిమి తరిమి పట్టుకుంటే ఉన్న నొప్పికి గుండెదడ తోడవుతుంది. చీకటి పడ్డాక గూట్లోంచి మెల్లగా తీసి, పాత తువ్వాలు చుట్టి చంకలో పెట్టుకుంటే కిక్కురుమనదు. ఆ రాత్రి అలాగే చూశాను. అరికాలి మధ్య మెత్తటి చోట మిరియపు గింజంత నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి వాపు. చెయ్యి పెడితే వేడి. చూడ్డానికి మన కాళ్ళకి లేచే ఆనెకాయలాగే ఉంటుంది గానీ ఇది వేరు. పల్లేరుకాయ గుచ్చుకున్నచోటో, ఎత్తు మీది నుంచి గట్టినేల మీదికి దూకి కమిలినచోటో సందు చూసుకుని స్టఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి లోపలికి పోతుంది. కోడి ఒంట్లో పట్టిన చీము మనకిలాగా పల్చగా కారిపోదు. జున్నుముక్కలా గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. అదే మానుతుందిలే అని వదిలేస్తే కీళ్ళ దాకా, ఎముక దాకా పాకుతుంది.

గోరువెచ్చటి నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ కలిపి పావుగంటసేపు ఆ పాదం నానబెట్టాను. చెక్కు మెత్తబడి దానంతటదే ఊడివస్తే సరే, లేకపోతే బలవంతం చెయ్యను. తడి ఒత్తి, బెటాడిన్ రాసి, గాజుగుడ్డ మడిచి అరికాలికి ఆనించి, వేళ్ళ సందుల్లోంచి తిప్పి కట్టు కట్టాను. బిగించి కడితే వేళ్ళు వాచిపోతాయి, వదులుగా కడితే తెల్లారేసరికి ఊడిపోతుంది. రోజూ విప్పి చూసి మార్చాలి. పొడిగడ్డి పరిచిన గంపలో విడిగా ఉంచాలి. వాపు పైకి పాకినా, మేత మానేసినా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవలసిందే. ఇంట్లో ఉన్న బ్లేడుతో కోసేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డాక్టరు యాంటీబయాటిక్ ఇస్తే, ఆయన చెప్పినన్నాళ్ళు ఆ పెట్ట గుడ్లు తినకూడదు.

కుంటించే జబ్బు ఇంకొకటుంది, కాలి గజ్జి. కంటికి ఆనని పురుగు కాలి పొలుసుల కిందికి దూరి, సొరంగాలు తవ్వి, అక్కడే కాపురం పెడుతుంది. నున్నగా ఉండాల్సిన పొలుసులు తాటిమట్టల మొదళ్ళలా పైకి లేచి, మధ్యలో సున్నం పూసినట్టు బెరడు కడుతుంది. ముసలి కోళ్ళకి ఎక్కువ. చిన్నప్పుడు మా ఊళ్ళో దీనికి కిరసనాయిల్లో కాళ్ళు ముంచేవాళ్ళు. పురుగు చచ్చేదేమో గానీ పాపం చర్మం కాలిపోయేది. అంత క్రూరత్వం అక్కర్లేదు. వేణ్ణీళ్ళు, సబ్బు, పాత పళ్ళ బ్రష్షు, ఆ తర్వాత గాలి ఆడనంత దట్టంగా కొబ్బరినూనె. పురుగు ఊపిరాడక చస్తుంది. కొత్తవి పుట్టుకొస్తూనే ఉంటాయి గనక వారాల తరబడి మళ్ళీ మళ్ళీ రాయాలి. లేచిన పొలుసుల్ని గిల్లకూడదు, నెత్తురు వస్తుంది. పక్కన పడుకునే కోళ్ళన్నిటికీ రాయాలి, పడుకునే కర్రక్కూడా.

కర్ర అన్నాను గనక దాని సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. సగం కాలి జబ్బులకి మూలం అదే. కోడికి అడవికోడి నెత్తురు ఇంకా పోలేదు. రాత్రయ్యేసరికి ఎంత ఎత్తు దొరికితే అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఎక్కడం సుఖమే, తెల్లవారి దూకడమే ప్రమాదం. బరువైన పుంజు అయిదడుగుల మీది నుంచి సిమెంటు గచ్చు మీదికి దూకితే అరికాలు ఏమవుతుంది? కర్ర రెండడుగుల ఎత్తు చాలు. రెండంగుళాల వెడల్పు ఉండాలి, అంచులు నున్నగా చెక్కి ఉండాలి. ఇనుప గొట్టం పనికిరాదు. కింద నాలుగంగుళాల మందాన పొడి ఊక పొయ్యాలి. ఊక తడిసిన రోజునే ఎత్తి పారెయ్యాలి. తడిలో, రెట్టలో నానిన పాదం చివికి, చిన్న గీతకే తెరుచుకుంటుంది. గూడు చూపించమని నన్ను అడిగినవాళ్ళందరికీ ముందు ఆ కర్రే చూపిస్తాను, రంగూ రేకులూ తర్వాత.

ఎందుకింత పట్టుదల అంటే, కుంటే కోడి గద్దకు ముందు దొరుకుతుంది. ఇది నా కళ్ళతో చూసినదే. గుంపంతా నిమ్మచెట్టు కిందికి పరుగెత్తుతుంటే వెనకబడేది కాలు నొప్పి ఉన్నదే. హైదరాబాదులో రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళు పెరటి పెంపకానికి తీసుకొచ్చిన వనరాజ కోడి సుగుణాల్లో, కాళ్ళు పొడవు గనక పట్టవచ్చినవాటి నుంచి తప్పించుకోగలదన్నది ఒకటి. ఆ కాలు పుండుపడ్డాక ఆ పొడుగెందుకు? కంచె కట్టేముందు కాలు చూడండి అని అందుకే అంటాను. కోడికి మొదటి కంచె దాని కాళ్ళే.

రెండో కంచె గురించి నాకొక బాధ ఉంది. అయిదేళ్ళ కిందట పట్నంలో ఒక ఇనుప సామాన్ల కొట్లో "కోళ్ళ మెష్" అడిగితే, ఆరు మూలల కన్నాల వల ఒక చుట్ట చేతిలో పెట్టారు. కన్నాలు పెద్దవిగా ఉన్నాయే అంటే, "అందరూ ఇదే తీసుకెళ్తారు" అన్నారు. తెచ్చి, రెండు రోజులు కష్టపడి గుంజలకి కొట్టాను. మూడో వారం పట్టపగలు ముంగిస అందులోంచి దూరింది. పదకొండు పిల్లల్లో రెండు మిగిలాయి. తల్లిపెట్ట సాయంత్రం దాకా ఆ వల చుట్టూ తిరుగుతూ పిలిచింది. ఆ వల కోడిని లోపల ఉంచుతుంది, అంతవరకే. ముంగిసకి అది వాకిలి, కుక్కకి పాతగుడ్డ. ఈ సంగతి అమ్మేవాళ్ళు చెప్పాలి. ఇప్పటికీ ఆ కొట్టున్న వీధిలోంచి పోవాలంటే మనసొప్పక వేరే దారిన పోతాను.

కావలసింది అర అంగుళం చదరపు కన్నాల వెల్డ్ మెష్. దాన్ని గోడకి కొట్టి వదిలేస్తే చాలదు. అడుగున బయటివైపుకి అడుగున్నర మేర పరిచి మట్టి కప్పాలి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, గోళ్ళకి ఇనుము తగిలి మానుకుంటుంది. పైన పాత చేపల వల బిగువుగా కడితే గద్ద దిగదు. ముంగిసా గద్దా పగటి శత్రువులు, అడవిపిల్లీ పునుగుపిల్లీ రాత్రి శత్రువులు. అందుకే పగటికి పొదలూ వలా, రాత్రికి గడియపెట్టిన తలుపూ కావాలి. మెరిసే రేకులు వేలాడదీస్తే నాలుగు రోజులు పనిచేస్తాయి, చోటు మారుస్తూ ఉండాలి. విషం మాత్రం వద్దు. ముంగిస 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కాపాడుతున్న ప్రాణి, మన దొడ్లో ఎలకల్నీ పాముల్నీ తినేది కూడా అదే.

కాపలా సగం కోళ్ళే కాస్తాయి, మనం వింటే. 1993లో క్రిస్టఫర్ ఎవాన్స్, పీటర్ మార్లర్ బృందం పుంజులకి తల మీద తెరలో గద్ద ఆకారాన్నీ, నేల దగ్గర తెరలో జంతువునీ చూపించి, రెండింటికీ రెండు వేరు కూతలు ఉన్నాయని ప్రచురించారు. మా అమ్మమ్మకి ఆ తేడా ఎవరూ చెప్పకుండానే తెలుసు. వంటింట్లో పప్పు రుబ్బుతూ రుబ్బుతూ, "గద్దొచ్చింది" అని లేచేది. ఇంకోసారి, "కింద ఏదో తిరుగుతోంది, కర్ర తే" అనేది. ఎప్పుడూ తప్పలేదు.

ఆమె కోడిపిల్లలకి గులాబీ రంగు పూసేది, గద్ద పోల్చుకోలేదని. సాయంత్రం నూకలు చల్లుతూ "బా బా బా" అని పిలిచి, ఒక్కొక్కదాన్నీ గంప కింద పెట్టేముందు వేళ్ళు విడదీసి చూసేది. పసుపూ నూనే ఉన్న చిన్న మట్టిమూకుడు ఎప్పుడూ గుమ్మం పక్కనే. ఆ అలవాటు నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఆమె మడమలు బీటలువారిన చెరువులా ఉండేవి. వానాకాలంలో ఆ పగుళ్ళలోంచి నెత్తురు కనిపించేది. కొబ్బరినూనెలో మైనం కరిగించి తనే రాసుకునేది, గోడవైపు తిరిగి కూర్చుని. ఎవరమైనా రాస్తామంటే, "కాళ్ళు పట్టుకోకూడదర్రా, పెద్దదాన్ని చేసేస్తారు" అనేది. మేం ఆ మాట పట్టుకుని ఆటకి పరుగెత్తేవాళ్ళం. ఇంటి నుంచి దొడ్డికీ, దొడ్డి నుంచి నూతికీ ఆమె నడిచిందంతా ఉత్తకాళ్ళతోనే. చెప్పులు ఊరికి పోయేటప్పుడు వేసుకోవడానికని అటక మీద కాగితంలో చుట్టి ఉండేవి. ఆమె పోయాక తీసి చూశాం. అడుగుభాగం మీద అంకెలు ఇంకా చెరగలేదు.