కొత్తోడు

పాలిషంటే పూసేదని అనుకుంటారు జనం. బీరువాకి పూసినట్టు కారుకి కూడా ఏదో పూస్తే మెరుస్తదని. మిషను పాలిషంటే గీకడం. కారుని ఎండలో నిలబెట్టి, దాని మీద సూర్యుడు మెరిసే చోట చూడండి. సాలెగూడు మాదిరి గుండ్రంగా సన్న గీతలు కనబడతై. మురికి గుడ్డతో తుడిచి తుడిచి పడ్డ గీతలవి. ఆ గీతల చుట్టూ ఉన్న పై పొరని అరగదీసి ఒక్క మట్టానికి తెస్తే, వెలుగు చెదిరిపోకుండా తిన్నగా కంటికి కొడతది. మెరుపంటే అదే. కాబట్టి పాలిష్ చేసిన ప్రతిసారీ పొర కొంత పోతది.

ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోటని ఒక పొర ఉంటది. సుమారుగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం కూడా ఉండదు. మేం చేసే పనంతా ఆ కాస్త మందంలోనే. మేం పనికి చేరిన రోజుల్లో అంబాసిడర్లకి ఆ పొర కూడా లేదు, రంగే పై పొర. నల్ల బండి రుద్దితే ప్యాడు నల్లగా, నీలం బండి రుద్దితే నీలంగా అయ్యేది. ఎంత పోతుందో కళ్ల ముందే తెలిసేది.

ఇదంతా నేను రెండేళ్ల పాటు దూరంగా నిలబడి చూసి తెలుసుకున్నా. మిషను ముట్టుకోనిచ్చినోడు లేడు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. చదువు పదితో ఆగింది. 1989లో బెజవాడ ఆటోనగర్‌లో ఒక పెయింటింగ్ షెడ్డులో చేరా. షెడ్డులో పని వరసగా నడుస్తది. సొట్ట తీయడం, లప్పం పెట్టడం, వాటర్ పేపరు పట్టడం, ప్రైమరు, రంగు కొట్టడం, చివరికి మిషను పాలిషు. ఇందులో వాటర్ పేపరు మాది. మాదంటే మాదిగోళ్లది, మాలోళ్లది, ఇద్దరు దూదేకుల పిల్లలది. పొద్దున్నించి రాత్రి దాకా బకెట్టులో కాయితం ముంచటం, రుద్దటం. వేళ్ల చివర్లు నాని తెల్లగా పాలిపోయేవి. గోళ్ల పక్కన చర్మం అరిగి, అన్నం కలుపుకుంటే కారం మండేది. రంగు గన్నూ, పాలిషు మిషనూ మేస్త్రి చుట్టాల చేతుల్లో ఉండేవి. మా కూలి రోజుకి పన్నెండు రూపాయలు, మిషను పట్టినోడికి ముప్పై ఐదు.

ఇది కులమని షెడ్డులో ఎవరూ నోరు తెరిచి అనలేదు. పట్నం గదా. టీ గ్లాసులు అందరికీ ఒకటే. కాకపోతే కొత్తగా వచ్చిన ప్రతి పిల్లగాణ్ణీ రెండు ప్రశ్నలు అడిగేవాళ్లు. ఏ ఊరు? ఊళ్లో ఏ పక్క? ఆ రెండో దానికి జవాబు చెప్పిన నిమిషంలో వాడు చేయబోయే పని తేలిపోయేది.

నా తర్వాత ఏడాదికి మేస్త్రి బావమరిది కొడుకొకడు వచ్చాడు. వారం తిరక్కుండానే మిషను ఇచ్చారు. వాడు డోరు అంచు మీద ప్యాడు ఎక్కువసేపు ఆపితే రంగు కాలిపోయి ప్రైమరు బయటపడ్డది. మేస్త్రి నవ్వాడు. "కొత్తోడు గదా, రెండు చేస్తే వాడికే వస్తది" అన్నాడు. రాత్రికి రాత్రి తన డబ్బుతో ఆ డోరుకి రంగు కొట్టించాడు.

అదే నెలలో మా పక్క పల్లె పిల్లగాడు మడ్‌గార్డు మీద పేపరు గట్టిగా పట్టినందుకు అక్కడా ప్రైమరు తేలింది. చెంప మీద కొట్టి, మూడు రోజుల కూలి కోసి పంపించేశారు. వాడు షెడ్డుకొచ్చి ఇరవై రోజులు. వాణ్ణి కొత్తోడని ఎవడూ అనలేదు.

ఆ రోజు నాకొకటి అర్థమైంది. కొత్తోడనేది ఒక హోదా. చెడగొట్టినదానికి డబ్బు పెట్టుకునే మనిషి వెనక ఉంటేనే ఎవడైనా కొత్తోడు అవుతాడు. మనకి ఆ హోదా దొరకదు. మనం పుట్టుకతోనే పని తెలిసినోళ్లమై ఉండాలి, లేదంటే ఆ పని జోలికి పోకూడదు. కులం చేసేది పని పంచడంతో ఆగదని, పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా విడగొడతదని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు. నేను దాన్ని పుస్తకంలో చదివే నాటికి షెడ్డులో చూసే ఉన్నా. ఏ మెట్టు మీదోడికి నేర్చుకునే హక్కుందో, ఏ మెట్టు మీదోడికి లేదో కూడా ఆ విడగొట్టడంలోనే ఉంది.

1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లని చంపారు. మా ఊరికి పోయే రైలు ఆ స్టేషను మీదగానే పోద్ది. ఆ వారం షెడ్డులో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. పేపరు చదివి మడిచి పక్కన పెట్టేవాళ్లు. మేస్త్రి చుట్టాల కుర్రాళ్లు ఊరెళ్లి తిరిగి రాలేదు. మిషను ఊరికే పడి ఉంది. ఒక డాక్టరు గారి నల్ల అంబాసిడరు తెల్లారేసరికి ఇవ్వాలి.

"ఒరే, నువ్వు పడతావా?" అన్నాడు మేస్త్రి, నా మొహం చూడకుండా.

పట్టా. బరువైన మిషను, ముందు ఉన్ని ప్యాడు. స్విచ్చి వేస్తే మనిషినే పక్కకి లాగుద్ది. రెండేళ్లుగా కళ్లతో నేర్చుకున్నదంతా వరసగా చేశా. బండి మళ్లీ కడిగా, ఒక్క ఇసక రేణువున్నా కొత్త గీతలు పడతై. రేకు చల్లబడేదాకా నీడలో ఉంచా. అంచులకీ, రబ్బరుకీ టేపు వేశా. అంచు మీద రంగు పలచగా ఉంటది, ముందు పోయేది అక్కడే. బానెట్టు మీద రెండడుగుల చదరం చూసుకుని, కాంపౌండు కొద్దిగా అద్ది, మెల్లగా తిప్పి పరిచి, తర్వాత వేగం పెంచా. ప్యాడుని బల్లపరుపుగా పెట్టి, ఒక్కచోట ఆపకుండా, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. వైరు భుజం మీద వేసుకున్నా, రంగుకి రాసుకోకుండా. మధ్య మధ్య రేకు మీద చెయ్యి పెట్టి వేడి చూశా.

తెల్లారి మేస్త్రి ట్యూబులైటు కింద బండి చుట్టూ తిరిగాడు. నల్ల రంగు మీద దోషం దాగదు.

"నీకెవడు నేర్పాడ్రా?"

"మా నాయన."

"మీ నాయన పెయింటరా?"

"కాదండీ. తోళ్లు పదును పెట్టేవాడు."

ఆయన ఇంకేం అడగలేదు.

నేను చెప్పింది నిజమే. మా నాయన సున్నంలో నానిన తోలుని లందలోంచి తీసి, దుంగ మీద పరిచి గీకేవాడు. ఎక్కువ గీకితే చిల్లు, తక్కువ గీకితే కుళ్లు. ఎక్కడ ఆపాలో కత్తి కింద ఉన్న చెయ్యికి తెలియాలి. తర్వాత తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టి, ఆరబెట్టి, ఆముదం పట్టించి మెరిపించేవాడు. ఊరు ఆ వాసనకి ముక్కు మూసుకునేది, ఆ చెప్పులే తొడుక్కునేది. వీధి పిల్లలు నేర్చుకుంటామని వస్తే నాయన ముందు అంచు ముక్కలిచ్చేవాడు. "కోసుకోండిరా, పాడైతే వారుకన్నా పనికొస్తది" అనేవాడు. పాడు చేసే హక్కు మా పల్లెలో ఉంది. పట్నంలో లేకుండా పోయింది.

పది రోజులకి బావమరిది కొడుకు తిరిగొచ్చాడు. మిషను వాడి చేతికి పోయింది. నా చేతికి మళ్లీ బకెట్టు వచ్చింది.

1993లో ముగ్గురం కలిసి చీటీ డబ్బులతో పాత మిషనొకటి కొని, రేకుల పంచ అద్దెకి తీసుకున్నాం. మరుసటి ఏడు జులైలో మా జిల్లా ఈదుమూడిలో దండోరా మోగింది. బోర్డు మీద నా పేరు పక్కన మాదిగ అని రాయించా. ఆ బోర్డు చూసి వెనక్కి తిరిగిన బండ్లున్నై. లోపలికొచ్చిన బండ్లతోనే బతికాం.

ఇప్పుడు మిషన్లు మారినై. పాతది ఒక్క ఇరుసు మీద తిరుగుద్ది, కోత ఎక్కువ, వేడి ఎక్కువ. కొత్త రకం తిరుగుతానే ఊగుతది. గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోద్ది గాని రంగు అంత తేలిగ్గా కాలదు. నేర్చుకునేవాళ్లకి ముందు దాన్నే ఇస్తా. ప్లాస్టిక్ బంపరు దగ్గర జాగ్రత్త చెబుతా, దానికి వేడి తొందరగా పోదు. చెప్పాల్సినదంతా ఒక పూటలో అయిపోద్ది. మిగతాది చేతికి రావాలి. చేతికి రావాలంటే కొన్ని చెడిపోవాలి.

పట్నంలో అద్దాల గదులు వచ్చినై. సిరామిక్ కోటింగని వేలల్లో తీసుకుంటన్నారు. పని నేర్పడానికీ ఫీజు పెట్టారు. మీరు ఆ గదుల్లోకి వెళితే మెరుపుని చూసి రాకండి. నీళ్ల పైపు ఎవరి చేతిలో ఉందో, మిషను ఎవరి చేతిలో ఉందో చూడండి. పిల్లల్ని రెండో ప్రశ్న ఏమడుగుతున్నారో వినండి. హాస్టళ్లలో, మీటింగుల్లో ఉద్యోగాల లెక్క అడుగుతాం, అడగాల్సిందే. దాంతో పాటు పని నేర్చుకునే చోట మన పిల్లలు ఎన్నిసార్లు చెడగొట్టొచ్చో కూడా అడగాలి.

మా షెడ్డులో గోడకి ఆనించి ఒక పాత బానెట్టు ఉంటది. తుక్కు కొట్లో కొన్నా. వచ్చిన ప్రతి పిల్లగాడూ, ఈ మధ్య ఇద్దరు ఆడపిల్లలూ, మిషను మొదట దాని మీదే పెడతారు. అంచుల్లో రంగు పోయి, ప్రైమరు పోయి, ఇనుము తేలింది. దానికెవరి కూలీ కొయ్యను. మీ వాడలో నేర్చుకునే పిల్లలుంటే పంపండి.