ఇంకో ముద్ద

ఎలుకల కోసం వేరే చిన్న ఫ్రీజర్ కొంటేనే ఒప్పుకుంటానని షరతు పెట్టాను. ఖీమా డబ్బాల పక్కన అవి ఉంటే నా వల్ల కాదు. డాలస్ వచ్చి పదేళ్ళయినా నేను గుంటూరు పిల్లనే. ఇంట్లో పాముని పెంచడమంటే దిల్ ఒప్పలేదు. కానీ మా బేటా నెలల తరబడి జిద్దు చేశాడు. చివరికి వాళ్ళ అబ్బా "సరే" అన్నారు. అలా వచ్చాడు సుల్తాన్.

సుల్తాన్ బాల్ పైథాన్ పిల్ల. పశ్చిమ ఆఫ్రికా కొండచిలువ జాతి. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతాడు. విషం లేదు. కొన్నప్పుడు 90 గ్రాములు.

మా బేటా ఒక నోట్‌బుక్ పెట్టాడు. తారీఖు, ఎలుక బరువు, సుల్తాన్ బరువు, కుబుసం విడిచిన రోజు, అన్నీ రాస్తాడు. తూకం కూడా వేరే కొన్నాం, నా వంటగది తూకం ముట్టుకోవద్దని హుకుం. వాడి లెక్క ఇది: పిల్ల పాముకి ఒంటి బరువులో 10 నుంచి 15 శాతం ఉండే ఎలుక, వారానికి ఒక్కటే. ఎలుక లావు పాము నడుము లావుని మించకూడదు. పాము పెరిగేకొద్దీ ఆ శాతం తగ్గాలి, మధ్యలో రోజులు పెరగాలి. పెద్ద పాముకి రెండు మూడు వారాలకోసారి పెడితే చాలు.

"వారానికి ఒక్క నివాలా ఏంట్రా, పాపం!" అనేదాన్ని. వాడు నవ్వేవాడు.

సుల్తాన్ 240 గ్రాములున్నప్పుడు బేటా స్కూలు క్యాంపుకి నాలుగు రోజులు వెళ్ళాడు. "అమ్మీ, నీళ్ళు మార్చు చాలు. మొన్ననే తిన్నాడు, ఆదివారం దాకా ఏమీ పెట్టొద్దు" అని చెప్పి మరీ వెళ్ళాడు. ఆ రాత్రి సుల్తాన్ గూట్లోంచి తల బయటపెట్టి నాలుక ఆడిస్తూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఆకలేమో అనుకున్నాను. ఎలుకల్ని కరిగించి, వెచ్చబెట్టి, చిమటాతో ఒకటి కాదు, రెండు పెట్టాను. రెండూ మింగాడు. నాకెంత ఖుషీ! మర్నాడు పెట్టె శుభ్రం చేద్దామని ఎత్తి బకెట్‌లో కూడా పెట్టాను.

మూడో రోజు పొద్దున ఆ ఎలుకలు రెండూ బయటే ఉన్నాయి, సగం అరిగి. ఆ బద్బూ ఇప్పటికీ మర్చిపోలేను. సుల్తాన్ ఒక మూల వాడిపోయి పడున్నాడు.

బేటా వచ్చాడు. అరవలేదు. నోట్‌బుక్‌లో ఆ తారీఖు దగ్గర "కక్కేశాడు" అని రాసి లోపలికెళ్ళిపోయాడు. అరిచినా బాగుండేది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. పాము వేడి దాని ఒంట్లో తయారవదు, బయటనుంచి రావాలి. పెట్టెలో ఒక వైపు 31, 32 డిగ్రీలు ఉంటేనే తిన్నది అరుగుతుంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు. కక్కిన పాముకి రెండు వారాలు నీళ్ళే. ఆ తర్వాత మామూలు ఎలుకలో సగం సైజుది. వెంటనే మళ్ళీ పెడితే మళ్ళీ కక్కుతుంది, కడుపు ఇంకా ఖరాబవుతుంది.

"త్వరగా పెరగాలని ఎక్కువ పెడితే కొవ్వు పెరుగుతుంది. కాలేజా పాడవుతుంది" అంది. గ్రాములొక్కటే చూడొద్దట. వెన్నెముక కత్తిలా పొడుచుకొస్తే బక్క. వంగినప్పుడు మడతలు పడి, పొలుసుల మధ్య చర్మం కనిపిస్తే మోటా. గుండ్రటి త్రికోణంలా ఉంటే సేహత్ బాగున్నట్టు. కుబుసం ముందు, చలికాలంలో తినకపోయినా బరువు నిలకడగా ఉంటే ఫికర్ అక్కర్లేదు.

ఆ పద్నాలుగు రోజులు నాకు మా అబ్బా గుర్తొచ్చారు. సుగర్ అని తెలిసినా దస్తర్‌ఖాన్ మీద మా అమ్మీ "ఇంకో ముద్ద, నా కసమ్" అనేది. ఆయన కాదనలేకపోయేవారు. చివరికి కాలు తీసేశారు. అమ్మీ మొహబ్బత్‌లో ఖోట్ లేదు. కానీ ఎదుటివాళ్ళ కడుపుని తన దిల్‌తో కొలిచింది. నేనూ అదే చేశాను.

పదిహేనో రోజు బేటా చిన్న ఎలుక పెట్టాడు. సుల్తాన్ తిన్నాడు. రెండు రోజులు మేమెవ్వరం ఆ గది తలుపు గట్టిగా కూడా వేయలేదు. నిలిచింది. అల్హమ్‌దులిల్లాహ్.

హిందుస్తాన్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. మన అడవుల కొండచిలువకి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. దాన్ని పట్టి ఇంట్లో పెంచడం జుర్మ్. పిల్లలు అడిగితే ఆ మాట చెప్పండి. చట్టం ఒప్పుకునే చోట ఉంటే, ఇది 20, 30 ఏళ్ళు బతికే అమానత్ అని ముందే చెప్పండి.

నిన్న రాత్రి బేటా ప్లేటులో రెండో గరిటె బగారా అన్నం వెయ్యబోయాను. చెయ్యి అడ్డం పెట్టి "బస్, అమ్మీ" అన్నాడు. గరిటె గిన్నెలో పెట్టేశాను.