మామయ్యగారు కట్టిన తీగ

మా ఇంటి గేటుకు రెండు ప్రక్కలా రెండు గానుగ చెట్లున్నాయి. వాటి కొమ్మలు పైన కలిసి పచ్చని తోరణంలా నిలవాలని మా మామయ్యగారి కోరిక. సేద్యం చేసిన మనిషి గనుక కొమ్మ వంచడం ఆయనకు బాగా తెలుసు. "పెన్సిలంత లావున్నప్పుడే వంచాలమ్మా, బొటనవ్రేలంత అయ్యాక మన మాట వినదు" అనేవారు. వానలు పడి చెట్టు చిగురు మీదున్న రోజుల్లో, వెదురు బద్దకు ఆనించి, ఒక్కసారిగా కాకుండా వారానికి కొంచెం చొప్పున వంచేవారు. నిటారుగా పోయే కొమ్మ కొనలోనే ఎక్కువగా పెరుగుతుంది. వంచితే ప్రక్క మొగ్గలు లేచి గుబురుగా వస్తుంది. ఇదంతా మేము ఆయన దగ్గరే నేర్చుకున్నాము.

ఆ ఏడు మాత్రం, పురికొస చేతికందక, స్లాబు పనిలో మిగిలిన కట్టుతీగతో కట్టారు. వచ్చే నెల విప్పేద్దామన్నారు. ఆ నెల రాకముందే ఆయన వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆ ముడులు ముట్టుకోవడానికి మాకు చేతులు రాలేదు. ఆయన స్వయంగా వేసినవి కదా! రెండేళ్ళు అలాగే ఉంచాము. పోయినవారి కళ్ళజోడును బల్లమీద నుండి తీయలేకపోయిన చదువరులెవరైనా ఉంటే మా సంగతి వారికి తెలుస్తుంది.

ఒక శనివారం రాత్రి గాలివాన వచ్చింది. తెల్లవారి ఆరాధనకు బయలుదేరుతూ చూస్తే కుడివైపు కొమ్మ సరిగ్గా తీగ దగ్గరే విరిగి గేటు మీద వ్రేలాడుతోంది. తీగ బెరడులోకి దిగిపోయి ఉంది. కొనవైపు గడ్డలా ఉబ్బింది, మొదలువైపు సన్నబడింది. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు గుండానే క్రిందికి దిగుతుంది, దారి మూస్తే అక్కడే పేరుకుంటుంది. ప్రేమకొద్దీ మేము చేసిన పని అది.

విరిగినదాన్ని మావారు కోశారు. పైనుండి ఒక్కసారే కోస్తే బరువుకు బెరడు మానుదాకా చీలుతుంది. అందుకని ముందు క్రింద గాటు పెట్టి, కొంచెం అవతలగా పైనుండి కోసి, మిగిలిన మోడును మొదట్లో ఉండే ఉబ్బు చెడకుండా తీశారు. గాయం మానేది ఆ ఉబ్బు నుండే.

మరి ఎడమ కొమ్మ తీగ? అడగడానికి మాకు నోరు రాలేదు. రెండు రోజులయ్యాక అత్తయ్యే కటింగ్ ప్లేరు తెచ్చి మావారి చేతిలో పెట్టింది. "తీసెయ్యి నాయనా, చెట్టూ ఆయనదేగా" అంది. పైకి కనబడినంత మేర ముక్కలుగా త్రుంచాము. బెరడు మింగిన తీగను తవ్వితే చెట్టుకు మరింత గాయం, దాన్ని లోపలే వదిలేశాము.

ఇప్పుడు అత్తయ్య పాత నేతచీర పేలికలతో వదులుగా కడుతున్నాము. ఏ రోజు కట్టామో గోడ క్యాలెండరు మీద వ్రాసుకొని, ఆమే గుర్తుచేసి విప్పిస్తుంది. ఎడమ కొమ్మ గేటు దాటింది. కుడివైపు కొత్త చిగురొకటి పెన్సిలంత అయింది. ఈ వానలకు వంచాలి.