తాళం వేసిన కొళాయి

మేము సుగాలీలం. గుత్తి వైపు ఒక తండాలో ఏడు ఇళ్ళ వాళ్ళం యేసు ప్రభువును నమ్ముకున్నాం. మిగతా ఇళ్ళ వాళ్ళు సేవాభాయాను కొలుస్తారు. సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటని మా వాళ్ళు చెప్పుకునే సేవాగఢ్ కూడా గుత్తి దగ్గరే ఉంది. కాబట్టి "మన దేవుణ్ణి వదిలేశారు" అన్న మాట మాకు కొత్త కాదు. ఆ మాట పడిన కొద్దీ విశ్వాసంలో ఎదుగుతున్నామనే అనుకునేవాళ్ళం.

ఎదగడానికి మాకు ఒక లెక్క ఉండేది. ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉన్నాం, ఎన్ని వాక్యాలు కంఠతా వచ్చాయి, బైబిలు ఎన్నిసార్లు పూర్తి చేశాం. బడిలో మార్కులు వేసే చేతులు ఆదివారం కూడా అదే పని చేశాయి. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పింది మాత్రం వేరు. పాఠం అప్పజెబితే సరిపోదు, పిల్లవాడు దాన్ని బతుకులో ఎక్కడ వాడుకుంటున్నాడో చూడాలి అన్నారు. ఆ సంగతిని ప్రార్థన మందిరం గడప బయటే వదిలి లోపలికి వెళ్ళేవాళ్ళం.

2018లో వానలు మొహం చాటేశాయి. మంచి ఏడాదిలోనే మా జిల్లాలో సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ ఏడు మా వేరుశనగ ఊడలు దిగకముందే ఎండింది. తండా బోరు ఆగిపోయింది. మందిరం పక్కన మేము చందాలేసుకుని వేయించిన బోరు మాత్రం సన్నగా పోసేది. దేవుడు మన ప్రార్థన విన్నాడనుకున్నాం. కొళాయికి తాళం వేశాం. తాళంచెవి మా ఇంట్లో ఉండేది. మిగతా వాళ్ళకు ఇంటికి రెండు బిందెలు ఇచ్చి, అదే పెద్ద మనసనుకున్నాం.

శ్రావణంలో తీజ్ వచ్చింది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచే పండుగ అది. మూడో రోజు పిల్లలు చెంబులు పట్టుకుని వచ్చారు. సగం మంది బడిలో మా ముందు కూర్చునేవాళ్ళే. "సార్, తీజ్‌కు నీళ్ళు" అన్నారు. ఆ పండుగకు మా నీళ్ళు ఇవ్వం అన్నాం. వాళ్ళు ఏమీ అనలేదు. ఖాళీ చెంబులతో వెనక్కి పోయారు.

మా యాడి అరుగు మీద కూర్చుని చూస్తోంది. ఆమెకు చదువు రాదు. మా ఇంట్లో ముందుగా ప్రభువును నమ్ముకున్నది ఆమే. లేచి, ఆ పూటకు మా వంతు వచ్చిన బిందె ఎత్తుకుంది. "ఈ పొద్దు పొయ్యి ముట్టించను" అని గోర్ బోలిలో చెప్పి, తీజ్ బుట్టల దగ్గరికి నడిచింది. ఆ రాత్రి మేము పస్తు పడుకున్నాం. లెక్క రాసుకున్న ఉపవాసాలన్నీ నేర్పనిది ఆ పస్తు నేర్పింది.

ఆ ఆదివారం పిల్లలకు చెప్పాల్సింది ఆదికాండం 26వ అధ్యాయం. అబ్రాహాము కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు పూడ్చేస్తే, ఇస్సాకు వాటిని మళ్ళీ తవ్విస్తాడు. కొత్త ఊట దొరికితే గెరారు కాపరులు ఆ నీళ్ళు తమవని పోట్లాటకు వస్తారు. అతను ఇంకో బావి తవ్విస్తాడు, దానికీ జగడమే. మూడో బావికి జగడం రాలేదు. దానికి రహెబోతు అని పేరు పెట్టాడు, విశాలమైన చోటు అని అర్థం. ఈ కథ ఏళ్ళుగా చెబుతున్నాం. ప్రతిసారీ మేమే ఇస్సాకులం అనుకుని చెప్పాం. ఆ రోజు నోరు పెగల్లేదు. నీళ్ళు మావని తాళం వేసిన గెరారు కాపరులం మేమే.

ఆ రాత్రి ఏడు ఇళ్ళ వాళ్ళం కూర్చున్నాం. అందరూ ఒప్పుకోలేదు. "వాళ్ళు మన పెళ్ళిళ్ళకు రాలేదు, భోగ్ దగ్గర మనల్ని పంక్తిలోంచి లేపారు" అన్నారు. అవి అబద్ధాలు కావు. ఒక పెద్దాయన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ సంగతి ఎత్తాడు. 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీని మొదలుపెట్టిన ఆయన, ముందు ప్రార్థనకు రండి, తర్వాత బావి తవ్విస్తాను అనలేదు కదా అన్నాడు. 2009లో ఆయన చనిపోతే అన్ని మతాల వాళ్ళూ ఏడ్చిన సంగతి మా అందరికీ తెలుసు. తెల్లారి తాళం తీశాం. వంతులు నాయక్ చెప్పాలని, నీళ్ళు దేనికని ఎవరినీ అడగకూడదని అనుకున్నాం. మాలో ఒక ఇంటి వాళ్ళు కోపంతో మందిరానికి రావడం మానేశారు. ఆ బాధ ఇంకా ఉంది.

గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మ ఫలాలు తొమ్మిది చెప్పారు. ప్రేమతో మొదలవుతాయి, మధ్యలో దీర్ఘశాంతం ఉంటుంది. వాటిని గదిలో ఒక్కరమే కూర్చుని పండించలేం. పక్కన మనిషి ఉండాలి, ఆ మనిషి మనకు నచ్చనివాడైనా సరే.

యువతకు ఒక మాట. ప్రభువును నమ్ముకుంటే నమ్ముకోండి, గోర్ బోలిని, తాతల కథలను పూడ్చేయకండి. ఇస్సాకు తండ్రి బావులను తిరిగి తవ్వించాడు. తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. తీజ్ బుట్ట మోసిన పిల్ల, ఆదివారం పాట పాడిన పిల్ల ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మన మొహంలో తేడా వాళ్ళు ముందే కనిపెడతారు.

మా కాకా ఇప్పటికీ ప్రార్థనకు రాడు. తీజ్ చివరి రోజు మొలకలు పంచేటప్పుడు మా ఇంటికీ పంపుతాడు. తీసుకోవచ్చా అని మాలో ఇంకా వాదన నడుస్తోంది. మా యాడి మాత్రం రెండు చేతులా అందుకుని, తెచ్చిన పిల్లకు తాగడానికి నీళ్ళిస్తుంది.