సూదిదారాల కొనుగోలు

కూడు, గూడు, గుడ్డ అని పెద్దలు మూడింటిని కలిపి చెబుతారు. ఆ మూడవదానిని కుట్టుటకు ఏయే వస్తువులు కావాలో, వాటిలో ఏది ముందు కొనాలో గత వేసవి వరకు మాకు తెలియదు.

మాది కేసముద్రం. 2016 అక్టోబరు 11కు ముందు వరంగల్ జిల్లాలోనిది, నేడు మహబూబాబాద్ జిల్లాలోనిది. కాజీపేట నుండి విజయవాడ వెళ్ళే రైలు మార్గంలో ఉన్న ఊరు. మా సహాధ్యాయిని తల్లి ఇక్కడే తమ ఇంటి వసారాలో బట్టలు కుడుతుంది. మేము ఆమెను ఖాలా అని పిలుస్తాము. తండ్రి లేని ఆ ఇంటికి ఆ కుట్టుమిషనే ఆధారం. వేసవిలో ఖాలా కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. కొన్ని వారాలు సూదిపని కూడదని డాక్టరు చెప్పారు. బడులు తెరిచేలోగా ఇవ్వవలసిన పిల్లల బట్టలు మాత్రం మూటకట్టి ఉన్నాయి. "ఇక కాలేజీకి రాను, మిషను మీద కూర్చుంటాను" అని మా స్నేహితురాలు అన్నది. ఆ మాట మా ఇద్దరికీ నిద్ర పట్టనివ్వలేదు. ముగ్గురమూ కలిసి ఆ మూట పూర్తి చేయాలని నిశ్చయించుకున్నాము.

తలా కొంత వేసుకుని 600 రూపాయలతో, ఎవరినీ అడగకుండా, బజారుకు వెళ్ళాము. రంగురంగుల దారపు ఉండలున్న అందమైన పెట్టె ఒకటి, మెరిసే కత్తెర ఒకటి, మిషను సూదుల పొట్లం ఒకటి కొని విజయగర్వంతో తిరిగి వచ్చాము.

నల్లకళ్ళద్దాలతో మంచం మీద కూర్చున్న ఖాలా ఒక్కొక్క వస్తువును చేతితో తడిమి చూసింది. దారాన్ని రెండు వేళ్ళ మధ్య లాగగానే పుటుక్కున తెగింది. కత్తెర ఆమె పిడికిలిలో ఇమడలేదు. సూది పైభాగాన్ని తడిమి నవ్వింది. "ఇది కార్ఖానా మిషన్ల సూది బిడ్డా, చుట్టూ గుండ్రంగ ఉన్నది. మన ఇంటి మిషను సూదికి ఒక పక్క చదునుగ ఉంటది" అన్నది.

ఆ సాయంకాలం మేము నేర్చుకున్న పాఠం ఏ తరగతిలోనూ విననిది. చేతిసూదికి అంకె పెరిగినకొద్దీ సూది సన్నమవుతుంది. మిషను సూదికి అంకె పెరిగినకొద్దీ లావవుతుంది. పలుచని బట్టకు 11, మామూలు నూలు బట్టకు 14, మందపు బట్టకు 16 నంబరు వాడాలి. కత్తెరలు రెండు కావాలి: బట్టకు పెద్దది, దారానికి చిన్నది. బట్ట కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుంది. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది గనుక అప్పుడప్పుడు ఇనుప స్కేలుతో సరిచూడాలి. గజానికి 36 అంగుళాలు, మీటరుకు 39 అంగుళాల పైచిలుకు. ఈ తేడా మరచినవారికి చేతి పొడవు తక్కువైపోతుంది. ఇక సుద్ద, గుండుసూదులు, నాలుగైదు బాబిన్లు, మిషను నూనె, వేలికి అంగుస్తానా ఉంటే చాలు. రంగుల పెట్టె బదులు తెలుపు, నలుపు, చేతిలో ఉన్న బట్ట రంగు దారాలు కొనాలి.

మిగిలిన సొమ్ముతో వీటిలో అవసరమైనవి తెచ్చుకున్నాము. అయినా ఒక అపరాధం జరిగింది. ఒక రవికెకు అస్తరును తడపకుండానే వేసి కుట్టాము. మొదటి ఉతుకులోనే అస్తరు ముడుచుకుపోయి, పైబట్ట ముడతలు పడింది. ఆ ఇల్లాలు దానిని తెచ్చి మా ముందు పరచినప్పుడు తల ఎత్తలేకపోయాము. ఖాలా కోప్పడలేదు. "సామానంత కొన్నరు గని బకెట్ల నీళ్ళు మరిచిండ్రు" అన్నది. కుట్లన్నీ విప్పి, కొత్త అస్తరును నీళ్ళలో నానబెట్టి, ఆరవేసి, మళ్ళీ కుట్టి ఇచ్చాము. ఆ అస్తరు ఖరీదు మేమే భరించాము.

దర్జీ, అస్తరు, గజం, అంగుస్తానా పారసీ నుండి ఉర్దూ ద్వారా మన నోటికి వచ్చిన మాటలు. బొత్తాము పోర్చుగీసు వారిది. సూది, కత్తెర సంస్కృత మూలాల నుండి వచ్చినవి. ఒక్క రవికె కుట్టుటకు ఇన్ని భాషలూ ఒకచోట చేరుతున్నాయి. ఆ వసారాలో ఏ మాట ఎవరిదని మేము ఎన్నడూ అడగలేదు.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీపని ఒకటి. అందులో పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం కలదు. సహాయం అందిననాడు ఏది కొనాలో చెప్పగల అనుభవజ్ఞురాలు పక్కన ఉండాలన్నది మా 600 రూపాయలు మాకు నేర్పిన నీతి. కనుక సోదరీమణులారా, అంగడికి వెళ్ళే ముందు మీ వీధిలో కుట్టుపని చేసే తల్లిని ఒక్కమాట అడగండి.

బట్టల మూట రెండు రోజులు ఆలస్యంగానైనా ఇవ్వవలసిన ఇళ్ళకు చేరింది. ఖాలా కన్ను బాగుపడింది. కాలేజీ తెరిచిన మొదటి రోజున మా స్నేహితురాలు మా బల్లమీదే, మా ఇద్దరి మధ్యనే కూర్చున్నది. ఆమె చూపుడువేలికి సూది గుచ్చుకున్న గుర్తులు ఇంకా మానలేదు. మా వేళ్ళకు కూడా.