దడి మీద ఈశ్వరి తీగ

పిల్లలూ! జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెం చేరితే కోనసీమలోకి వచ్చినట్టే. అక్కడి నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్ళండి, వైనతేయ దాటి రాజోలు వెళ్ళండి, దారి పొడుగునా కాలవలు, కొబ్బరితోటలు, తోటల మధ్య ఇళ్ళు. ఇంటి వెనక కాస్త పెరడు, అందులో నాలుగు అరటిచెట్లు, ఒక కరివేపాకు చెట్టు, ఒక నిమ్మచెట్టు. మనం చూడబోయేది ఆ పెరటినే.

చలిదేశాలలో క్లెమాటిస్ అనే పూలతీగను గోడలకు పాకించి తేనెటీగలకు విందు చేస్తారు. ఇక్కడ ఇళ్ళ ముందు ఆ పని రాధామనోహరం చేస్తుంది. దాని పువ్వు సాయంకాలం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబిరంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. తెల్లగా ఉన్న రాత్రి, పొడవాటి తొండం గల పెద్ద రెక్కలపురుగులు వచ్చి తేనె తాగిపోతాయి.

అయితే సీతాకోకచిలుకకు తేనె ఒక్కటే చాలదు. బడిలో బొమ్మ గీయమంటే పిల్లలందరూ దాన్ని పువ్వు మీదనే గీసేవారు. ఆకు మీద గీసినవాణ్ణి నేను చూడలేదు. అది గుడ్లు పెట్టేది ఆకు మీద గదా! అందునా ఏ ఆకు పడితే ఆ ఆకు మీద పెట్టదు.

పెరటి దడి మీద, ఎవరూ నాటకుండానే అల్లుకునే ఈశ్వరి తీగ ఒకటి ఉన్నది. దాని పువ్వుకు అందం లేదు. కాని నల్లని రెక్కల మీద తెల్లమచ్చలు, ఎర్రచుక్కలు, ఎర్రని ఒళ్ళు గల ఒక సీతాకోకచిలుక పిల్లలకు ఆ ఆకే అన్నం. ఆకులో విషం ఉన్నది. గొంగళిపురుగు దాన్ని తిని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలు వచ్చిన తరవాత కూడా ఆ విషం పోదు. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ ఆ రంగుల జోలికి రాదు.

ఇక కరివేపాకు చెట్టు దగ్గరికి రండి. కరివేపాకూ నిమ్మాకూ తిని పెరిగే సీతాకోకచిలుక వేరే ఉన్నది. దానికి ఈ విషం లేదు. మగది నల్లగా ఉండి, వెనక రెక్కల మీద తెల్లచుక్కల వరస ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మాత్రం ఈశ్వరి తీగ చిలుక వేషం వేసుకుంటాయి! అవే తెల్లమచ్చలు, అవే ఎర్రచుక్కలు. పిట్ట మోసపోతుంది. మీరు మాత్రం ఒళ్ళు చూడండి. అసలుదానికి ఒళ్ళు ఎరుపు, వేషధారికి నలుపు.

ఇలాంటి వేషాల గుట్టు 1862లో బయటపెట్టినవాడు, అమెజాన్ అడవులలో 11 ఏళ్ళు తిరిగిన హెన్రీ వాల్టర్ బేట్స్. మన కరివేపాకు చిలుక వేషాన్ని నడిపేది ఒకే ఒక జన్యువని 2014లో కృష్ణమేఘ్ కుంటే, ఆయన తోటి శాస్త్రజ్ఞులు తేల్చారు.

అసలు చిలుక ఎంత చేటో పిట్టకు తెలిసి ఉంటేనే ఈ వేషం చెల్లుతుంది. దడి తీసి సిమెంటు గోడ కట్టి, పిచ్చితీగ అని ఈశ్వరిని పీకేశారనుకోండి. నష్టం కరివేపాకు చెట్టు మీది చిలుకకు కూడా!

ఈశ్వరి కాయ ఎండితే పగిలి, చిన్న ఉట్టిలాగా వేలాడుతుంది. అందులోని పలచని గింజలను తొలకరిలో దడి పక్కన వేయండి. పురుగులు ఆకులన్నీ తినేసినా మందు చల్లకండి. వేరునుంచి మళ్ళీ చిగురిస్తుంది. పాముకాటుకు ఇది మందని కొందరు నమ్ముతారు. పాము కరిస్తే ఆసుపత్రికే పరుగెత్తాలి. ఈ ఆకులోని విషం మనిషి మూత్రపిండాలను చెడగొడుతుంది, క్యాన్సరు కూడా తెస్తుంది. కనుక నోట పెట్టవద్దు.

తిండి ముగించిన పురుగు తీగ దిగి, దడికర్రకో చూరుకో అతుక్కుని ప్యూపాగా మారుతుంది. ఎండుటాకులా కనిపిస్తుంది. అమ్మ బూజుకర్ర తీసినప్పుడు, ఆ మూల ఒక రెండు వారాలు వదిలేయమని చెప్పండి.